చేతులకు తిమ్మిరి, సీటుకు వంపు: సైకిలును ఒంటికి అమర్చుకోవడం

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ఎత్తు 158 సెం.మీ., కాలి లోపలి కొలత 72 సెం.మీ. మూడు నెలల క్రితం తిన్నని హ్యాండిల్ ఉన్న సైకిలు కొన్నాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు 25 కి.మీ. తొక్కుతాను. 40 నిమిషాలు దాటేసరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయి. సీటు మీద నొప్పి భరించలేక దాని ముక్కును కొంచెం కిందికి వంచాను. అక్కడ కొంత నయమే గాని చేతుల బాధ అప్పటినుంచి ఎక్కువైంది. టైర్ల మీద 32-622 అని ఉంది, గాలి దాని మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టిస్తున్నాను. జెల్ సీటు కొనమని ఒకరు, కార్బన్ హ్యాండిల్ వేయించమని ఇంకొకరు చెబుతున్నారు. మా తమ్ముడు సైకిలే మార్చెయ్యమంటున్నాడు. అమ్మినవారిని అడిగితే "అదంతా ఎవరి ఇష్టం వారిదండీ" అన్నారు. ఇది సమాధానమా, లేక తప్పించుకోవడానికి అన్న మాటా? నేను ఏది కొనాలి?

జవాబు: "ఎవరి ఇష్టం వారిది" అన్న మాటలో సగం నిజం ఉంది. ఏ సగమో మీకు విడమరచి చెప్పకపోవడం వల్లనే అది తప్పించుకున్న మాటలా వినిపించింది. సైకిలు మీద మన శరీరం ఆనుకునే చోట్లు మూడే: సీటు, హ్యాండిల్, పెడళ్ళు. వీటి మధ్య ఉండవలసిన దూరాలకు మన ఎముకల పొడవును బట్టి కొన్ని హద్దులుంటాయి. ఆ హద్దులు దాటితే ఎవరి ఇష్టమూ పనిచెయ్యదు, ఎంత ఖరీదైన విడిభాగమూ ఆదుకోదు. హద్దుల లోపల మాత్రం ఒకే ఎత్తు, ఒకే కాలి పొడవు ఉన్న ఇద్దరు రెండు వేర్వేరు సీట్ల మీద, రెండు రకాల హ్యాండిళ్ళతో హాయిగా తొక్కగలరు. అక్కడ మీ ఇష్టమే ప్రమాణం, దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీరింకా హద్దులకు అవతలే ఉన్నారని నాకనిపిస్తోంది. అందుకే ఏది కొనాలో చెప్పే ముందు, ఏదీ కొనకుండా ఎంతవరకు సరిచేసుకోవచ్చో చెబుతాను.

మీరు రాసినవాటిలో నన్ను వెంటనే ఆపిన విషయం సీటు ముక్కును వంచడం. నొప్పి ఉన్న చోట ఒత్తిడి తగ్గించాలనుకోవడం సహజమే. కానీ సీటు ముందుకు వాలితే శరీరం కూడా క్షణక్షణం ముందుకు జారుతూనే ఉంటుంది, ఆ జారుడును ఆపే పని అరచేతుల మీద పడుతుంది. ఉంగరపు వేలికీ, చిటికెన వేలికీ వెళ్ళే నాడి అరచేతి మడమలో, చిటికెన వేలి వైపున, చర్మానికి చాలా దగ్గరగా సాగుతుంది. శరీరం బరువు గంటసేపు ఆ చోటనే ఆనితే ఆ రెండు వేళ్ళే తిమ్మిరెక్కుతాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది వేరే నాడి, దానికి ఎక్కువగా మణికట్టు వంపు కారణమవుతుంది. మీరు వేళ్ళ పేర్లు స్పష్టంగా రాసినందువల్ల, చేతుల మీద బరువు ఎక్కువగా పడుతోందని ఇంత దూరం నుంచి కూడా కొంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

కాబట్టి ముందుగా సీటును మట్టానికి తీసుకురండి. సీటు మీద నిడివిగా ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పెట్టి, దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం ఉంచి చూడండి. బుడగ నడిమికి వచ్చేలా సీటు కింది బోల్టును సడలించి, సరిచేసి, మళ్ళీ బిగించండి. అక్కడినుంచి ఒకటి రెండు డిగ్రీల తేడా మీ ఇష్టానికి వదిలేయవచ్చు, అంతకు మించిన వంపు అవసరమవుతోందంటే లోపం మరెక్కడో ఉన్నట్టు.

నా అనుమానం సీటు ఎత్తు మీద ఉంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ కిందికి వెళ్ళిన ప్రతిసారీ నడుము ఆ పక్కకు ఒరుగుతుంది, సీటు ముక్కు మెత్తని భాగాన్ని ఒరుసుకుంటుంది, మనమేమో సీటు మంచిది కాదనుకుంటాం. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందేన్ని 1986, 1989, 1990లలో గెలిచిన అమెరికా పోటీదారు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది. కాలి లోపలి కొలతను 0.883తో హెచ్చిస్తే, క్రాంకు (పెడల్ బిగించి ఉండే కడ్డీ) తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. మీ 72 సెం.మీ.కు అది దాదాపు 63.6 సెం.మీ. అవుతుంది. చెప్పుల మందం, పాదం పొడవు, పాదాన్ని వంచే అలవాటు ఈ లెక్కలో లేవు గనుక దీన్ని మొదటి గుర్తుగానే తీసుకోవాలి. అక్కడ పెట్టాక ఎవరినైనా పక్కన నిలబెట్టి చూడమనండి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా చాపుకోకుండా 25 నుంచి 35 డిగ్రీల వంపుతో ఉండాలి. ఈ పది డిగ్రీల వెసులుబాటే మీ ఇష్టానికి దక్కిన చోటు. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సాధారణంగా సీటు తక్కువ ఎత్తులో ఉన్నట్టు, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు.

తరువాత సీటును ముందుకు, వెనక్కు జరపడం. పెడళ్ళు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి బరువు కట్టిన దారం వేలాడదీస్తే అది పెడల్ ఇరుసు మీదుగా పోవాలన్న సూత్రం చాలాకాలంగా వాడుకలో ఉంది. దానికి గట్టి శాస్త్రాధారం లేదని కీత్ బాంట్రేగర్ అనే సైకిళ్ళ రూపకర్త విపులంగా వాదించారు, ఆయన వాదన నాకు సబబుగానే తోస్తుంది. అయినా మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి కాబట్టి దారాన్ని అడగడంలో తప్పులేదు. అసలు పరీక్ష వేరే ఉంది. వాహనాలు లేని చదునైన దారిలో మధ్యస్థ వేగంతో తొక్కుతూ, వేళ్ళు హ్యాండిల్‌ను తాకుతూ ఉండగానే అరచేతుల బరువును ఒక్క క్షణం తేలిక చేసి చూడండి. శరీరం ముందుకు కూలబడబోతే సీటును 5 మి.మీ. వెనక్కు జరిపి మళ్ళీ ప్రయత్నించండి. సీటు వెనక్కు వెళ్ళేకొద్దీ బరువు కాళ్ళ మీదకూ పిరుదుల మీదకూ చేరి చేతులు తేలికపడతాయి. మరీ వెనక్కు జరిపితే హ్యాండిల్ దూరమై చేతులు చాపవలసి వస్తుంది, ఆ సంగతి హ్యాండిల్ దగ్గర చూద్దాం.

ఇంతవరకు మీకు కావలసినవి ఒక అలెన్ కీ, ఒక టేపు, కొంత ఓపిక. ఈ మార్పులతో రెండు వారాలు తొక్కాక కూడా సీటు మీద నొప్పి ఉంటే అప్పుడు సీటు మార్చడం గురించి ఆలోచించాలి. అందులోనూ మెత్తదనం కంటే ముందు వెడల్పు చూడాలి. మనం కూర్చున్నప్పుడు బరువు మోయవలసినవి కటి అడుగున ఉండే రెండు ఎముకల కొనలు. పెద్దవారిలో వాటి మధ్య దూరం ఎక్కువగా 100 నుంచి 150 మి.మీ. వరకు ఉంటుంది, ఒంటి లావుకూ దానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదు. గట్టి బల్ల మీద ముడతల అట్టముక్క పరిచి, పల్చని బట్టలతో దాని మీద కూర్చుని, మోకాళ్ళు కొంచెం పైకి ఉండేలా పాదాలను ఎత్తు మీద పెట్టి, సైకిలు మీద వంగినంతే ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. వాటి నడిమి బిందువుల మధ్య దూరానికి 20 నుంచి 30 మి.మీ. కలిపితే మీకు తగిన సీటు వెడల్పు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. వంగి తొక్కేవారికి కలపవలసింది తక్కువ, నిటారుగా కూర్చునేవారికి ఎక్కువ.

జెల్ సీటు సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. పావుగంట, అరగంట ప్రయాణానికి, నిటారుగా కూర్చునే సైకిలుకు అది హాయిగానే ఉంటుంది. గంటకు పైగా తొక్కేవారికి మాత్రం చిక్కు వస్తుంది: ఎముకలు మెత్తని పొరలోకి దిగిపోతాయి, అలా పక్కకు జరిగిన జెల్ రెండు ఎముకల నడుమ పైకి ఉబికి, బరువు ఏమాత్రం మోయకూడని మెత్తని భాగాన్ని నొక్కుతుంది. నేను చాలా ఏళ్ళ క్రితం మందపాటి జెల్ సీటు మీద రెండు వేసవులు తొక్కాను. వేలితో నొక్కి చూసి ఇష్టపడి కొన్నది అది. అట్టముక్క మీద కొలిస్తే నా కొలత 128 మి.మీ. వచ్చింది, నా సీటులో బరువు మోసే భాగం దానికి సరిపోయేంత వెడల్పు లేదు. 150 మి.మీ. వెడల్పున్న గట్టి సీటుకు మారిన మొదటి వారం ఎముకల దగ్గర కొత్త నొప్పి వచ్చింది, రెండో వారం చివరికి అది పోయింది, దానితో పాటు పాత మంట కూడా పోయింది. ఇష్టం అన్న మాటను నేను అంత జాగ్రత్తగా వాడడానికి కారణం ఆ అనుభవమే. వేలి ఇష్టం వేరు, గంటసేపు కూర్చున్న ఒంటి ఇష్టం వేరు.

వెడల్పు సరిగ్గా కుదిరాక మిగిలినవన్నీ నిజంగానే అభిరుచికి సంబంధించినవి. నడుమ ఖాళీ ఉన్న సీటు చాలామందికి ఉపశమనం ఇస్తుంది, కొందరికి ఆ ఖాళీ అంచులే గుచ్చుకుంటాయి. పైభాగం చదునుగా ఉన్న సీటు మీద అటూ ఇటూ జరుగుతూ తొక్కవచ్చు, కొంచెం గుంటపడిన సీటు ఒకేచోట నిలిపి ఉంచుతుంది. సాగదీసి బిగించిన తోలు సీట్లను కొందరు ప్రాణంగా చూసుకుంటారు. 1866లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ సంస్థ ఇప్పటికీ వాటిని తయారు చేస్తోంది. అవి వందల కిలోమీటర్లు తొక్కాక గాని మన ఆకారానికి లొంగవు, వానలో తడవనివ్వకూడదు. ఆ ఓపిక ఉన్నవారికి అంతకు మించిన సీటు లేదు, లేనివారికి అది దండుగ. ఒక్క విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలకు తావులేదు: కాళ్ళ మధ్య భాగంలో మొద్దుబారడం, స్పర్శ తెలియకపోవడం ఉంటే దాన్ని అలవాటు చేసుకోవలసిన ఇబ్బందిగా తీసుకోకండి. సీటు అమరిక మార్చాక కూడా అది వస్తూ ఉంటే, దిగిన తరువాత కూడా మిగిలి ఉంటే, వైద్యుల దగ్గరికి వెళ్ళండి. వేళ్ళ తిమ్మిరికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక హ్యాండిల్. ఇప్పుడు అమ్మే చాలా సైకిళ్ళకు కొండదారుల సైకిళ్ళను చూసి వెడల్పాటి హ్యాండిళ్ళు వేస్తున్నారు, 700 మి.మీ. దాటినవి సర్వసాధారణం. రాళ్ళ దారిలో అదుపు కోసం ఆ వెడల్పు పనికివస్తుంది గాని, మీ ఎత్తున్నవారు చదును రోడ్డు మీద దాన్ని పట్టుకుంటే భుజాలు విచ్చుకుని, మణికట్లు బయటి వైపుకు విరిగి, మెడ బిగుసుకుంటుంది. కోయించే ముందు గ్రిప్పులు, బ్రేకు పట్లు, గేరు మీటలు అన్నింటినీ ఒక్కో వైపు సెంటీమీటరు చొప్పున లోపలికి జరిపి వారం రోజులు తొక్కండి. ఏ వెడల్పు దగ్గర భుజాలు వదులుగా నిలుస్తాయో అప్పుడు తెలుస్తుంది. కోసిన హ్యాండిల్‌ను మళ్ళీ అతికించలేం కదా.

గ్రిప్పుల విషయంలో మీలాంటి వారికి నేను మొగ్గు చూపేది అరచేతి మడమ కింద రెక్కలా వెడల్పుగా ఉండే రకం వైపు. బరువును అది నాడి మీద నుంచి తప్పించి అరచేయంతటా పరుస్తుంది. దాని కోణం మాత్రం కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేసుకోవాలి. రెక్క మరీ పైకి లేస్తే మణికట్టు వంగి ఇంకో నాడికి ఇబ్బంది మొదలవుతుంది. ముంజేయి, మణికట్టు, బ్రేకు మీద పెట్టిన వేళ్ళు ఒకే గీతలో ఉండేలా బ్రేకు పట్లను వంచండి. మీ చేతులు చిన్నవైతే, చాలా బ్రేకు పట్ల మీద ఉండే చిన్న మరను తిప్పి పట్టును హ్యాండిల్‌కు దగ్గరగా తీసుకురావచ్చు. ఆ మర ఉందన్న సంగతే తెలియక, వేళ్ళు అందక, అరచేయి జరిపి బ్రేకు వేసేవారిని నేను ఎందరినో చూశాను. ఇది సుఖానికి సంబంధించిన విషయమే కాదు, ప్రాణానికి సంబంధించినది కూడా.

ఇవన్నీ చేశాక కూడా హ్యాండిల్ దూరంగా, కిందికి ఉన్నట్టు అనిపిస్తే, మార్చవలసింది హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్. 90 మి.మీ. స్టెమ్ ఉంటే 70 మి.మీ. ది వేయించండి, లేదా ఉన్నదాన్నే తిరగవేసి బిగిస్తే హ్యాండిల్ కొంత పైకి లేస్తుంది. స్టెమ్ పైన వలయాలు మిగిలి ఉంటే వాటిని కిందికి మార్చి ఇంకొంచెం ఎత్తవచ్చు. ఇది ముందు చక్రానికీ బ్రేకుకూ సంబంధించిన బిగింపు కనుక అలవాటు లేకపోతే మెకానిక్ చేతనే చేయించండి. కార్బన్ హ్యాండిల్ ఉన్న దానంత వెడల్పు, ఉన్న దానంత వంపుతోనే వస్తే మీ మణికట్టు ఉన్న కోణంలోనే ఉంటుంది. సన్నని అదురును అది కొంత మింగుతుంది, మీ బాధకు కారణమైన బరువును మాత్రం తగ్గించదు. మార్చదలిస్తే మామూలు అల్యూమినియంలోనే పట్టుకునే కొనలు వెనక్కు ఒంపు తిరిగిన హ్యాండిల్ వేయించుకోండి. మణికట్టుకు దానివల్ల కలిగే తేడా ముందు పదార్థం తేడా చాలా చిన్నది.

అదురు తగ్గించాలంటే చేయవలసింది టైరు దగ్గర. ఏ ఫ్రేమూ, ఏ హ్యాండిలూ టైరు నలిగినంతగా నలగవు. 32-622 అంటే టైరు 32 మి.మీ. వెడల్పనీ, అది కూర్చునే రిమ్ము వ్యాసం 622 మి.మీ. అనీ అర్థం. పక్కన రాసిన గరిష్ఠ పీడనం టైరు తట్టుకునే హద్దు, అంత గాలి ఉండాలని చెప్పే సలహా కాదు. మీరూ సైకిలూ కలిసి 75 కిలోల దగ్గర ఉంటే వెనక చక్రంలో 50 పీ.ఎస్.ఐ. చుట్టూ, ముందు చక్రంలో దానికన్నా నాలుగైదు తక్కువగా మొదలుపెట్టండి, పక్కన కనిష్ఠం కూడా రాసి ఉంటే దానికన్నా దిగకండి. గతుకు దగ్గర రిమ్ము నేలకు తగిలినట్టు తెలిస్తే కొంచెం పెంచండి. మీ అవస్థలో కనీసం కొంత భాగం ఈ ఒక్క మార్పుతోనే తగ్గుతుందని నా నమ్మకం.

పెడళ్ళ గురించి మీరు అడగలేదు, బాధ కూడా చెప్పలేదు, కాబట్టి ఉన్నవాటినే ఉంచండి. బూటును బిగించి పట్టుకునే పెడళ్ళు మేలని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. లుక్ సంస్థ అలాంటి పెడళ్ళను 1984లో తెచ్చింది, మరుసటి ఏడాది ఫ్రాన్స్ పోటీదారు బెర్నార్డ్ ఈనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచారు. తోటివారు వాటికి మారిపోతున్నా ఐర్లండుకు చెందిన షాన్ కెల్లీ ఏళ్ళ తరబడి పాత పట్టీల పెడళ్ళనే వాడుతూ పెద్ద పెద్ద పందేలు గెలిచారు.

క్రాంకు పొడవు గురించి కూడా క్లుప్తంగానే చెబుతాను. చాలా సైకిళ్ళకు 170 మి.మీ. క్రాంకు వస్తుంది, మీ ఎత్తుకు 165 కొంచెం హాయిగా ఉండవచ్చు. మార్టిన్, స్పిర్డూసో అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన పరీక్షలో 120 నుంచి 220 మి.మీ. దాకా అయిదు పొడవులు పోల్చి చూస్తే, గరిష్ఠ శక్తిలో తేడా మొత్తం మీద 4 శాతం దగ్గరే ఉంది. కనుక పొట్టి క్రాంకు వేస్తే బలం తగ్గిపోతుందన్న భయం అక్కరలేదు. మోకాలు పైకి వచ్చినప్పుడు తుంటి దగ్గర ఇరుకుగా అనిపిస్తేనే ఆ ఖర్చు పెట్టుకోండి, అప్పుడు సీటును 5 మి.మీ. ఎత్తడం మరచిపోకండి.

వీటిలో ఏది చేసినా ఒకేసారి రెండు మార్చకండి. సీటు ఎత్తు, స్టెమ్ ఒకే రోజు మారిస్తే చేతులు తేలికపడినా ఎందువల్ల పడ్డాయో మీకు తెలియదు. సీటు గొట్టం మీద చిన్న టేపు అంటించి గీత పెట్టండి, పాత కొలత, కొత్త కొలత, తేదీ, ఎన్ని నిమిషాలకు ఏ వేలు తిమ్మిరెక్కిందో ఒక పుస్తకంలో రాయండి, ఒక్కో మార్పుకు కనీసం మూడు ప్రయాణాలు ఇవ్వండి. అయిదుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఎడీ మెర్క్స్ 1969లో బ్లవా పట్టణపు ట్రాకు మీద ఘోరంగా పడి నడుము దెబ్బతీసుకున్నాక, తన సీటు ఎత్తును పదే పదే మారుస్తూనే గడిపారు. అంతటి ఆటగాడికే ఒంటితో పాటు కొలత మారుతూ వచ్చినప్పుడు, మూడు నెలల సైకిలు ఇంకా కుదురుకోలేదని మీరు బెంగపడవద్దు.

మీ తమ్ముడి సలహాను నేను కొట్టిపారేయడం లేదు. సీటు సరైన చోట ఉండి, 60 మి.మీ. స్టెమ్ వేసి, హ్యాండిల్‌ను వీలైనంత ఎత్తాక కూడా మోచేతులు కొంచెం వంచి పట్టుకోలేకపోతున్నారంటే ఆ ఫ్రేము మీకు పెద్దదే. అప్పుడు చిన్న సైజు ఫ్రేము చూడడం న్యాయం, మీరు రాసుకున్న కొలతలన్నీ దాన్ని ఎంచుకోవడానికి పనికివస్తాయి. అంతకు ముందే సైకిలు మార్చేస్తే, అదే వంగిన సీటును, అదే నిండు గాలి టైర్లను కొత్త ఫ్రేము మీద మళ్ళీ తొక్కవలసి రావచ్చు. ఈ వారం సీటును మట్టానికి తేవడంతో మొదలుపెట్టి, తరువాత ఎత్తు కొలిచి సరిచేసి, ఆపైన గాలి తగ్గించి, ఒక్కొక్కటిగా చూడండి. మూడు వారాల తరువాత తిమ్మిరి ఎన్నో నిమిషానికి మొదలవుతోందో, అట్టముక్క మీద గుంటల దూరం ఎంత వచ్చిందో రాయండి. ఆ రెండు అంకెలు తెలిస్తే మీకు ఎలాంటి సీటు నప్పుతుందో మరింత కచ్చితంగా చెప్పగలను.